న్యూయార్కు నగరములో ప్రాచ్యదేశపు భోజనశాలలు



కాశికి పోయి వచ్చినవారిని చూచుటకు ఊరంతయు కదలివచ్చిన కాలము మనలో కొందరికి ఇంకను జ్ఞాపకమున్నది. నేడు అమెరికాకు పోయి వచ్చినవారిని చూచుటకు ఎవరును ప్రత్యేకముగా రారు. కొడుకో కూతురో అక్కడ ఉద్యోగము చేయుచుండుట, తల్లిదండ్రులు కొన్ని నెలలకు పోయి వచ్చుట అనేక కుటుంబములలో మామూలు సంగతియైపోయినది.

మా ఊరి పెద్ద ఒకరు ఆ విధముగనే న్యూయార్కులో కుమారుని ఇంట అయిదు నెలలుండి వచ్చిరి. ఆచారవంతులు. ఒకనాటి సాయంకాలము అరుగుమీద కూర్చుండి నాతో ఇట్లనిరి: "అక్కడ నాకు లోపమేమీ జరగలేదోయ్. కాని ఆదివారం వస్తే పిల్లలకు బయట భోజనానికి పోవడం అలవాటు. నేను రానన్నాను. నన్నొక్కణ్ణీ ఇంట్లో వదిలిపోలేక వాళ్ళూ మానుకున్నారు. అయిదు నెలల ఆదివారాలు నా మూలాన పోయినవి. ఆ చీనా హోటల్లో ఎవరు వండుతారో, అందులో ఏమి వేస్తారో, కూర్చుంటే ఏం చెయ్యాలో తెలిసివుంటే, పోయి ఒక మూల కూర్చునేవాణ్ణే."

నేనును ఆ నగరములో కొంతకాలముండి వచ్చినవాడను గనుక, ఆయనకు నాడు చెప్పిన సంగతులనే నేడు మీకును విన్నవించుచున్నాను.

మన పూర్వులకు బయట భోజనము చేయుట వినోదము కాదు, అగత్యము. వ్యాజ్యమునకు పట్టణము పోయినవాడు, యాత్రకు బయలుదేరినవాడు, పూటకూళ్ళ ఇంట రూకలిచ్చి తినెడివాడు. పూటకూళ్ళమ్మ ఎవరు, ఏమి వండినది అని ముందుగనే విచారించుకొని విస్తరి ముందు కూర్చుండెడివారు. అందులో కులమును విచారించుట పోవలసినదే. కాని వండినవారెవరని, వంటలో ఏమున్నదని అడుగుట మంచి అలవాటే. న్యూయార్కులో ఈ రెండు ప్రశ్నలు వేసినవానికి మంచి సమాధానములు దొరకును. వండినవారి సంగతి మొదట చెప్పెదను.

ఆ నగరములో చీనావారి భోజనశాల లేని పేట అరుదు. ఇన్ని ఎట్లు వచ్చినవి? చీనావారు వంటలో నేర్పరులు గనుక వచ్చినవని మనము అనుకొందుము. వారి నేర్పు నిజమే. కాని అన్ని భోజనశాలలను పుట్టించినది నేర్పుకంటె ఎక్కువగా చట్టము.

1848లో కాలిఫోర్నియాలో బంగారము బయటపడినది. దక్షిణ చీనాలోని కాంటను ప్రాంతమునుండి మగవారు వేలకొలది ఓడలెక్కి వచ్చిరి. కొండలు తొలిచి రైలుమార్గము వేసినది వారే. ఆ మార్గము 1869లో ముగిసెను. పని ముగిసినంతనే వారు కంటగింపైరి. తక్కువ కూలికి పనిచేయుదురని తెల్లకూలీలకు కోపము. 1885లో వ్యోమింగు ప్రాంతమున రాక్ స్ప్రింగ్సు అను బొగ్గుగనుల ఊరిలో ఒక్కదినమున ఇరువదియెనమండ్రు చీనావారిని చంపిరి. అంతకు ముందే, 1882లో, చీనా కూలీలు దేశములో అడుగుపెట్టరాదని అమెరికా ప్రభుత్వము చట్టము చేసెను. ఒక జాతిపేరు చెప్పి ఆ దేశము తలుపు మూయుట అదియే ప్రథమము. ఉన్నవారు పడమటి తీరమును విడిచి తూర్పునకు వచ్చి, న్యూయార్కులో మాట్ వీధి చుట్టుపట్ల ఇరుకు ఇండ్లలో తలదాచుకొనిరి. స్త్రీలు రాకుండ అంతకు మునుపే మరియొక చట్టము అడ్డుపడియుండెను. గనుక అది మగవారి పేట. గనులలోను కర్మాగారములలోను పని ఇచ్చువారు లేరు. బట్టలుతుకుట, అన్నము వండుట, ఈ రెండు పనులకు మాత్రము తెల్లవారు పోటీకి రారైరి. అవి ఆడవారి పనులని వారి చులకన. ఆ చులకనయే వీరికి జీవనమైనది.

ఆ పేటలో తెల్లవారిని ఆకర్షించిన మొదటి వంటకము 'చాప్ సూయి'. ముక్కలు, తునకలు కలిపి వేయించినదని దాని పేరునకు అర్థము. మన ఇండ్లలో మిగిలిన కూరగాయలన్నియు చేర్చి చేయు కలగూర వంటిది. 1896లో చీనా రాజ్యపు మంత్రి లీ హుంగ్ చాంగు న్యూయార్కు వచ్చినప్పుడు ఆయన వంటవాడు దానిని కల్పించెనని ఒక కథ పుట్టినది. కథ అబద్ధమే; కాని ఆ మంత్రిని చూచిన జనము ఆయన దేశపు తిండిని రుచి చూడవలెనని ఎగబడినమాట నిజము. అటుపిమ్మట చాప్ సూయి అంగళ్ళు పేట దాటి నగరమంతట వెలసినవి.

ఇక చట్టపు చమత్కారము వినుడు. 1882 నాటి చట్టము కూలీలను నిషేధించినదే కాని వర్తకులను నిషేధింపలేదు. వర్తకుడు చీనాకు పోయి తిరిగి రావచ్చును, భార్యాబిడ్డలను తెచ్చుకొనవచ్చును. భోజనశాల నడుపువాడు వర్తకుడా, కూలివాడా? 1915లో ఒక న్యాయస్థానము, అతడును వర్తకుడే అని తీర్పు చెప్పెను. అయితే షరతులు కలవు: దుకాణము పెద్దదై యుండవలెను, అతని పెట్టుబడి ముఖ్యమైనదిగా ఉండవలెను, కనీసము ఒక సంవత్సరము తానే యజమానిగా నడుపవలెను, ఆ కాలములో వండుట, వడ్డించుట, డబ్బు వసూలుచేయుట వంటి పని ఏదియు తన చేతులతో చేయరాదు. వీనికి తెల్లవారిచేత సాక్ష్యము చెప్పింపవలెను. అంత పెట్టుబడి ఒక్క కూలివానికి ఎక్కడిది? అందుచేత, మన ఊళ్ళలో చీటీలు వేసికొనునట్లు, బంధువులు పదిమంది చేరి డబ్బు కూర్చి భోజనశాల పెట్టిరి. ఒక ఏడు ఒకడు యజమాని. తక్కినవారు గరిటె పట్టుకొనిరి. అతడు వర్తకుడని కాగితము పుట్టించుకొని ఊరికిపోయి భార్యను తెచ్చుకొని వచ్చి గరిటె అందుకొనగా, మరియొకడు యజమాని పీట ఎక్కెను. ఇట్లు ఒక్కొక్క భోజనశాల పది సంసారములను ఒడ్డుకు చేర్చినది. మెరుగుపెట్టిన కర్రపని, రంగు దీపములు, కుర్చీలు చూచి ఇదంతయు వైభవమని పొరబడుదుము. పెద్ద దుకాణముగా కనబడనిచో భార్య రాదు. ఆ దీపములందుకే వెలిగినవి.

ఆ చట్టము 1943లో రద్దయ్యెను. యుద్ధములో చీనా అమెరికాకు మిత్రదేశము గనుక మర్యాదకు రద్దుచేసిరి. ఏడాదికి 105 మందిని మాత్రము రానిచ్చిరి.

మన దేశీయుల గతియు ఇంచుమించుగా అంతియే. 1917లో చేసిన చట్టము ఆసియాలోని అధికభాగమునకు గీత గీసి, ఆ గీత లోపలివారు కూలికి రాకూడదనెను. ఇండియా ఆ గీతలోనిదే. 1923లో భగత్‌సింగ్ థిండ్ అను పంజాబీయుని పౌరసత్వపు వ్యాజ్యము సుప్రీముకోర్టుకు పోగా, నీవు తెల్లవాడవు కావు గనుక పనికిరావని తీర్పు వచ్చెను. అయినను బెంగాలునుండి, ముఖ్యముగా సిల్హెట్టు జిల్లానుండి, ఓడలలో బొగ్గువేయు కళాసీలు న్యూయార్కు రేవులో దిగి, ఓడ కదలువేళకు కనబడకుండ పోయెడివారు. హార్లెము పేటలోని నల్లవారు, పోర్టోరికోవారు వారిని తమలో కలుపుకొనిరి. తరువాతి కాలమున సిల్హెట్టువారే తూర్పు ఆరవ వీధిలో వరుసగా భోజనశాలలు తెరచిరి. బయట బోర్డుమీద 'ఇండియా' అని యుండును. లోపల వండువాడు బంగ్లాదేశీయుడు. మనవాడనుకొని తెలుగులో పలుకరించితిరేని పాపము నవ్వి ఊరకుండును.

1965 అక్టోబరు 3వ తేదీన, న్యూయార్కు రేవులోని స్వేచ్ఛాప్రతిమ పాదముకడ కూర్చుండి, అధ్యక్షుడు జాన్సను క్రొత్త చట్టముపై సంతకము చేసెను. జాతినిబట్టి లెక్కకట్టు పద్ధతి పోయినది. వైద్యులు, యంత్రశాస్త్రజ్ఞులు, వారి వెనుక అన్నదమ్ములు, అక్కచెల్లెండ్రు వచ్చిరి. మన పిల్లలు పోవుటకు తలుపు తీసినది ఆ సంతకమే.

ఈ మార్పును కన్నులార చూడగోరువారు ఏడవ నంబరు రైలు ఎక్కవలెను. మన్‌హాటన్ నుండి బయలుదేరి, నదిక్రింద దూరి, క్వీన్సు భాగములో ఇనుపస్తంభములపై ఎత్తుగా పోవును. వుడ్‌సైడులో ఫిలిప్పీనువారు. డెబ్బదినాలుగవ వీధికడ దిగినచో మనవారి పచారీ అంగళ్ళు, బంగ్లాదేశీయుల మిఠాయి దుకాణములు, టిబెట్టువారు ఆవిరిపై ఉడికించు మోమోలు. దగ్గరనే ఎల్మ్‌హర్‌స్టులో సయాము, ఇండోనీషియా వంటలు. రైలు ఆగిపోవు చోటు ఫ్లషింగు. అక్కడ మెయిను వీధిలో నిలుచున్నచో చీనా అక్షరములు తప్ప మరియొకటి కనబడుట కష్టము. కొరియావారు ఆ దాపుననే ఉన్నారు. ఆ వీధికి కొంతదూరమున, బౌన్ వీధిలో, 1977లో కుంభాభిషేకము జరిగిన వినాయకుని గుడి కలదు. గుడి క్రింది అంతస్తులో దోసెలు, ఇడ్లీలు వడ్డించు శాల కలదు. అన్యమేదియు ముట్టనని పట్టుబట్టినవారికి అది ఉన్నదని చెప్పి ఉంచుచున్నాను. కాని అక్కడనే ఆగిపోయినచో ఈ ప్రసంగము అవసరము లేదు.

రెండవ ప్రశ్న, వంటలో ఏమున్నది? ఇది శాకాహారులకు ముఖ్యము. మాంసాహారులకును కొంత అవసరమే. ఏలనన, గోమాంసమో వరాహమాంసమో తినని వారు మనలో పెక్కుమంది.

ఇందు నాకు జరిగిన సంగతి ఒకటి చెప్పెదను. ఒక సయాము భోజనశాలలో పచ్చి బొప్పాయికాయ కోరు, నిమ్మరసము, వేరుసెనగగుండ్లు, పచ్చిమిరపకాయలు కలిపి దంచిన పచ్చడి వంటిది తెచ్చిరి. మాంసము లేదుకదా అని అడిగితిని. లేదనిరి. పుల్లగా, కారముగా, మన నోటికి ఎంతయు హితముగా నుండెను. సగము తినిన తరువాత మా అమ్మాయి ముఖము చిన్నబుచ్చుకొని, "నాన్నగారూ, ఇందులో చేపల రసం ఉంటుంది" అనెను. వడ్డించినవాడు అబద్ధమాడలేదు. నేను అడిగినది మాంసము సంగతి. వారి లెక్కలో చేప మాంసము కాదు. తప్పు ప్రశ్నది. ఆ పూట ఇంటికి వచ్చి స్నానము చేసితిని. మరునాటి నుండి ప్రశ్న మార్చితిని.

సయాములోను, వియత్నాములోను, చిన్నచేపలను ఉప్పులో నెలలకొలది ఊరవేసి దింపిన రసము మనకు ఉప్పువంటిది. దాదాపు అన్నిటిలోను పడును. జపానువారు చారు కాచు నీటిలో ఎండబెట్టిన చేప తురుము వేయుదురు. పైకి కనబడునది కూరగాయ ముక్కలే. కొరియావారి క్యాబేజీ ఊరగాయ 'కిమ్చి' చూచుటకు మన ఆవకాయకు తోబుట్టువు. కాని సామాన్యముగా అందు రొయ్యల ఉప్పుపచ్చడి కలియును. చీనావారు ఆకుకూరలపై పోయు చిక్కని నల్లని రసములలో ఒకటి ఆల్చిప్పల నుండి చేసినది. కావున మాంసము, చేప, రొయ్య, ఆల్చిప్ప, గ్రుడ్డు, పందికొవ్వు అని ఒక్కొక్కదాని పేరుచెప్పి వద్దనవలెను. అంతకంటె సులువైన ఉపాయము, వారి మాటనే వాడుట. చీనావారితో 'సూ' అన్నను, కాంటనువారితో 'జాయ్' అన్నను, సయామువారితో 'జే' అన్నను, వియత్నామువారితో 'చాయ్' అన్నను, బౌద్ధభిక్షువులు తినునట్టి భోజనమని వారికి వెంటనే తెలియును. మా పిల్లలు చేతి ఫోనులో ఆ అక్షరములను చూపిరి. వడ్డించు ముసలామె చూచి చేతులు జోడించినది.

ఈ 'సూ' భోజనము సంగతి కొంచెము ఆగి చెప్పదగినది. ఆరవ శతాబ్దములో దక్షిణ చీనాను ఏలిన లియాంగు వంశపు వూ చక్రవర్తి పరమ బౌద్ధుడు. భిక్షువులు మద్యమాంసములు విడువవలెనని శాసించెను. నాటినుండి చీనా మఠములలో శాకపాకము ఒక శాస్త్రముగా పెరిగినది. ఉల్లి, వెల్లుల్లి, ఆ జాతివి అన్నియు వారికి నిషిద్ధములు. మన ఇండ్లలో పూజదినములలో ఉల్లి మానుటకు వారు చెప్పు కారణమే వారి మఠములలోను వినబడును: అవి చిత్తమును చలింపజేయునని. ఒక్క వింత యేమనగా, ఆ నిషేధపు పట్టికలలో కొన్నిటియందు ఇంగువయు చేరినది. ఉల్లికి బదులు ఇంగువ వేసి మడివంట ముగించు మన ఇల్లాండ్రు ఇది విని ఏమందురో! వారు గురుపరంపరలో పేర్కొను ఆచార్యులలో నాగార్జునుడు ముఖ్యుడు. మన కృష్ణాతీరమున ఏ మహానుభావుని పేర కొండ యున్నదో, ఆ నాగార్జునుని చీనావారును జపానువారును నేటికిని పూజించుచున్నారు.

సోయాచిక్కుడు గింజలను నానవేసి రుబ్బి, పాలు తీసి, విరిచి, గుడ్డలో బిగించి అదిమిన ముద్ద 'టోఫు'. చూచుటకు విరుగుడుపాల ముద్దవలె నుండును. దానికి స్వంతరుచి లేదు. ఏ రసములో వేసిన ఆ రుచి పట్టును. గోధుమపిండిని కడిగి కడిగి మిగిలిన సాగుడు పదార్థముతో కోడి, బాతు ఆకారములు గూడ చేసి, శాకాహారులకు వడ్డింతురు. నాకు ఆ వేషము నచ్చలేదు. కోడిని వదలినవానికి కోడిబొమ్మ ఎందుకు?

అజినోమోటో వేయుదురా అని మన పెద్దలు తప్పక అడుగుదురు. 1908లో ఇకెదా కికునాయె అను జపాను రసాయన శాస్త్రజ్ఞుడు సముద్రపు నాచు కాచిన నీటిలోని రుచి ఎక్కడిదని వెదకి, దానిని స్ఫటికముగా వేరుచేసెను. మరుసటి సంవత్సరము నుండి అది అంగళ్ళలో అమ్ముడైనది. 1968లో అమెరికా వైద్యపత్రికలో ఒక వైద్యుని ఉత్తరము పడినది. చీనా భోజనము చేసినపుడు మెడ తిమ్మిరి, గుండెదడ కలుగుచున్నవని, ఈ ఉప్పు కారణము కావచ్చునని. అంతటితో చీనా భోజనశాలలన్నిటికి అపవాదు వచ్చినది. తరువాత జాగ్రత్తగా చేసిన పరీక్షలలో, సామాన్యముగా తిను పాళ్ళలో అట్టి జబ్బు కలుగునని స్థిరపడలేదు. ఆ పదార్థమే పండిన టమాటాలలో సహజముగా నున్నది. రక్తపుపోటు కలవారు భయపడవలసినది మామూలు ఉప్పునకు. సోయారసములో అది మెండుగా నుండును.

ఇక కారము. చీనాలోని సెచువాను సీమవారి వంటలో ఎండుమిరపకాయలు నూనెలో తేలుచుండును. గుంటూరు వారికి భయమేమి అని నేను ధైర్యముగా తింటిని. మిరప మనకు తెలిసినదే. కాని అందు మిరియమువంటి వేరొక గింజ పడును. అది పెదవులను, నాలుకను, సూదిమందు వేసినట్లు తిమ్మిరెక్కించును. మంచినీరు త్రాగిన, నీరే వింతరుచిగా తోచును. మిరపకాయ మనదికాదు, వారిదియు కాదు. కొలంబసు పోయిన తరువాత అమెరికా ఖండమునుండి పరంగులు, అనగా పోర్చుగీసువారు, ఓడలమీద తూర్పు దేశములకు తెచ్చినది. అమెరికా గింజను మనము పెంచి, పొడిగొట్టి, మరల అమెరికాకే ఆవకాయగా మోసికొనిపోవుచున్నాము.

కూర్చున్న తరువాత నడవడి ఎట్లు? ముఖ్యమైన భేదమొకటి. చీనావారి బల్లమీద ఎవరి పళ్ళెము వారిది కాదు. గిన్నెలు నడుమ పెట్టుదురు, అందరును పంచుకొనవలెను. ఎంగిలి పట్టింపు కలవారు వడ్డించుకొను గరిటె వేరుగా అడిగినచో తప్పుపట్టరు. వారిలోను ఆ అలవాటు కలదు. శాకాహారి ఒక్కడున్నచో అతని గిన్నె మొదట తెప్పించి ప్రక్కన పెట్టుకొనుట మేలు. పుల్లలతో తినుట రాకపోయిన చెంచా అడుగవచ్చును, ఎవరును నవ్వరు. పుల్లలు పట్టుకొన్నవారు వానిని అన్నములో నిలువుగా గుచ్చరాదు. చనిపోయినవారికి అన్నముపెట్టి ఊదువత్తులు గుచ్చుట వారి ఆచారము. ఒకరి పుల్లలనుండి మరియొకరి పుల్లలకు ముక్కను అందింపరాదు. జపానులో దహనమైన పిమ్మట అస్థులను ఏరునప్పుడు అట్లు చేయుదురు. ఇవి చెప్పగా, పిండములును అస్థిసంచయనమును తెలిసిన మన పెద్దలకు వేరే వివరింప నక్కరలేదు.

కాంటనువారి ఉదయపు ఫలాహారశాలలలో టీ కూజా ముందు వచ్చును. కూజాలో నీరు అయిపోయినచో మూత పక్కకు జరిపి ఉంచిన చాలు, నింపుదురు. ఎవరైన మీ గిన్నెలో టీ పోసినచో రెండు వ్రేళ్ళతో బల్లను మెల్లగా తట్టుట వారి కృతజ్ఞత. కొరియావారు అడుగకయే అరడజను చిన్నగిన్నెలలో నంజుడులు పెట్టుదురు. అయిపోయినవి మరల వడ్డింతురు, వెల లేదు. మారు వడ్డించనిది భోజనమే కాదనుకొను మనకు ఆ పద్ధతి ప్రీతి కలిగించును.

గుమ్మముకడ కిటికీ అద్దముపై పెద్దఅక్షరమొకటి అంటించియుండును. 2010 నుండి నగర ఆరోగ్యశాఖవారు ప్రతి భోజనశాలను తనిఖీచేసి, తప్పులకు మార్కులు వేసి, ఆ మార్కులనుబట్టి అక్షరము ఇచ్చుచున్నారు. పదమూడు మార్కులలోపు 'ఏ', ఇరువదియేడు వరకు 'బి', అంతకు మించిన 'సి'. ఇక్కడ మార్కులు తగ్గినకొలది గొప్ప. వంటిల్లు శుభ్రమా అని లోపలికి తొంగిచూడ నవసరము లేకుండ అది చెప్పును.

వెలపట్టీ చూచి నివ్వెరపోవలదు. పట్టీమీద వ్రాసిన మొత్తమునకు నూటికి 8.875 చొప్పున అమ్మకపు పన్ను కలియును. ఆపైన వడ్డించినవానికి నూటికి పదునెనిమిది, ఇరువది యిచ్చుట ఆచారము. ఇది మన హోటళ్ళలో పళ్ళెములో విడుచు చిల్లరవంటిది కాదు. ఆ మనిషి జీతములో పెద్దభాగము. కొడుకు ఇచ్చుచుండగా "ఇంతెందుకురా" అని చేయి పట్టుకొనవలదని నా మనవి. నేను పట్టుకొంటిని గనుక చెప్పుచున్నాను.

వారి జీవనము ఇప్పటికిని సులభము కాదు. 1993లో 'గోల్డెన్ వెంచర్' అను ఓడ 286 మందితో, ఎక్కువభాగము ఫుకియెను సీమవారితో, క్వీన్సు సముద్రతీరమున ఇసుకకు తగులుకొని నిలిచెను. చీకటిలో నీటిలోనికి దూకినవారిలో పదిమంది మరణించిరి. ఆ విధముగా అప్పుచేసి వచ్చినవారు ఈస్టు బ్రాడ్వే వీధిలోని కొలువు కుదుర్చు అంగళ్ళలో చీటీ తీసికొని, బస్సెక్కి, ఎక్కడెక్కడి ఊళ్ళకో పోయి వంటిండ్లలో నిలుచుండిరి. 2020లో మహమ్మారి వచ్చినప్పుడు, ఇంకను నగరములో రోగము ప్రబలకమునుపే, చీనావారనెడి భయముచేత జనము వారి భోజనశాలలను విడిచిరి. ఒకేసారి సుమారు 800 మంది కూర్చుండగల 'జింగ్ ఫాంగ్' పెద్దశాల, ఎలిజబెత్ వీధిలోనిది, 2021 మార్చిలో మూతపడెను. పెండ్లిండ్లు, జన్మదినములు జరుపుకొన్న ఆ పేటవారు వీధిలో నిలిచి కంటతడి పెట్టుకొనిరి.

చివరకొక సంగతి. నేడు మన చిన్నపట్టణములలోను సాయంకాలమగుసరికి తోపుడుబండ్లమీద మంచూరియా, నూడిల్సు అమ్ముచున్నారు. మీ మనుమలు తినుచున్నదే. ఈ మంచూరియాకును చీనాలోని మంచూరియా దేశమునకును ఏ సంబంధమును లేదు. 1975లో బొంబాయిలో నెల్సన్ వాంగ్ అను కలకత్తా చీనావాడు, అల్లము, వెల్లుల్లి, పచ్చిమిరపకాయలతో మన పోపువలె మొదలుపెట్టి, సోయారసము పోసి దీనిని కల్పించెనని ప్రసిద్ధి.

కలకత్తా చీనావారు వారన్ హేస్టింగ్సు కాలమునుండి మన దేశములో ఉన్నవారు. టాంగ్రా పేటలో తోళ్ళు పదునుచేసి బ్రతికిరి. 1962లో చీనాతో యుద్ధము రాగా, సుమారు మూడువేలమందిని, పిల్లలను ముసలివారినిగూడ, రైలెక్కించి రాజస్థానములోని దేవలీ శిబిరమునకు పంపిరి. కొందరు అక్కడ సంవత్సరములతరబడి ఉండవలసివచ్చెను. అమెరికావారు చేసిన చట్టములను నేనిందాక కఠినముగా చెప్పితిని. ఇదియు చెప్పకుండుట న్యాయము కాదు. తిరిగివచ్చునప్పటికి ఇండ్లును దుకాణములును చేజారినవారు పెక్కుమంది. కెనడాకును అమెరికాకును వలసపోయిరి. వారు తెరచిన భోజనశాలలు క్వీన్సులోను కలవు.

అట్టిదానికి మా అమ్మాయి నన్ను తీసికొనిపోయినది. పెద్దవయస్సు స్త్రీ ఒకతె బల్లకడకు వచ్చి, మా ముఖములు చూచి, హిందీలో "మీరు వెజిటేరియనా?" అని అడిగినది. అవునంటిని. "గోబీ తెస్తాను, వేరే మూకుడులో వేయిస్తాను" అన్నది. చేపల రసము సంగతిగాని, ఆల్చిప్పల సంగతిగాని నేను అడుగవలసిన పని లేకపోయినది. ఎక్కడనుండి వచ్చితిరని అడుగగా, "కలకత్తా" అన్నది, అటుపైన, "మీరు మళ్ళీ ఎప్పుడు వెళ్తారు?" అని అడిగినది. మార్చిలో అంటిని. ఆమె తలయూపి, మా అమ్మాయి వద్దన్నను వినక, ఇంకొక గిన్నెడు అన్నము తెచ్చి నా ముందర పెట్టినది.